అత్తగారి అల్యూమినియం

అత్తగారికి కోడలు పాఠం చెప్పిందంటే లోకం ముక్కున వేలేసుకుంటుంది. వేసుకోనివ్వండి! ఆ ఇంట్లో సాయంత్రమైతే వంటగది బల్ల దగ్గర జరిగేది అదే. పెళ్లితో చదువాగిపోయిన అత్తగారు ఈ వయసులో పదో తరగతి పరీక్షలు రాసి, ఒక్క రసాయనశాస్త్రం ప్రయోగ పరీక్ష తప్ప అన్నీ గట్టెక్కింది. ఈసారి కూడా అది పోతే మళ్లీ పుస్తకం ముట్టనని ఒట్టేసుకుంది. ఆ ఒట్టు గుర్తొస్తే ఆవిడకే ఏడుపొచ్చేది.

"అల్యూమినియంకి పదమూడు ఎలక్ట్రాన్లు, అత్తయ్యా. లోపల రెండు, ఆపైన ఎనిమిది, చివర మూడు. ఆ మూడూ ఆక్సిజన్‌కి ఇచ్చేస్తుంది."

"అమ్మో, ఎంత దానగుణం! మరి మన గిన్నెలు గాలికి తుప్పుపట్టిపోవేం?"

"ఇచ్చినచోట సన్నటి పొర కడుతుంది. లోపలున్నదాన్ని అదే కాపాడుతుంది."

పరీక్ష రోజు ఆవిడకు ఒక మసకబారిన అల్యూమినియం ముక్క, గాజు గొట్టంలో ఆమ్లం ఇచ్చి, ఏం జరుగుతుందో చూడమన్నారు. మాసిన సామాను కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకుంటుందా? బల్ల మీదున్న గరుకు కాగితం అందుకుని, ముక్కను తళతళలాడేలా రుద్ది మరీ ఆమ్లంలో వేసింది. పక్కవాళ్ల ముక్కలు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే, ఆవిడది బుసబుసా పొంగింది.

పరీక్షకుడు గబగబా వచ్చాడు. "మొదట కాసేపు ఏమీ జరగకూడదే! ఇందులో ఏం కలిపారమ్మా?"

ఆవిడ గరుకు కాగితం ఎత్తి చూపించింది. మోసం చేసిందనుకుంటే ఇక చదువుకు నీళ్లొదులుకోవడమే.

"దేవుడి తోడు, ఏమీ కలపలేదు బాబూ! పాడు చేతులు, తోమేశాను. పై పొర పోయింది. మళ్లీ మందంగా కట్టకముందే ఆమ్లంలో వేసేశాను."

"ఆ పొర ఎందుకు కడుతుంది?"

"చివరి మూడు ఎలక్ట్రాన్లూ ఆక్సిజన్‌కి ఇస్తుంది కాబట్టి."

"మరి ఈ బుడగలు?"

"హైడ్రోజన్. ఆ మూడూ ఇక్కడ ఆమ్లానికి ఇచ్చేసింది. దీని చేతికి ఎముక లేదు బాబూ!"

ఆయన పకపకా నవ్వాడు. "రుద్దకూడదని నేనూ చెప్పలేదు లెండి. పాసయ్యారు, వెళ్లిరండి."

గేటు దగ్గర గోళ్లు కొరుక్కుంటున్న కోడలిని ఆవిడ పరుగున వెళ్లి వాటేసుకుంది. "గట్టెక్కానే, అమ్మాయ్!" ఇద్దరికీ నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇంక హాయిగా విశ్రాంతి తీసుకోండి, అత్తయ్యా."

"బాగుంది సంబడం! చదువుకి నలభై ఏళ్లు విశ్రాంతి ఇచ్చాను, చాలదూ? పద, పై తరగతిలో ఎప్పుడు చేర్చుకుంటారో అడుగుదాం."