పదహారో నంబరు

నేను ఒక నంబరును. ఏడు వేల మూడు వందల పదహారు. మార్కాపురంలోని ఒక నెట్ సెంటర్‌లో పుష్పలీల అనే అమ్మాయి నర్సింగ్ సీట్ల వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే పుట్టాను. ఆ తర్వాత వెబ్‌సైట్ ఆమె ముఖం చూడదు, పాస్‌వర్డ్ అడగదు. నన్ను ఎవరు చూపించినా పుష్పలీలే అనుకుంటుంది.

నన్ను తయారుచేసినాయన ఎవరూ ఊహించలేని పొడవాటి అక్షరాల వరుస పెట్టాల్సింది. ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చినట్టు ఒకరి తర్వాత ఒకరికి ఒకటి కలుపుకుంటూ పోయాడు. పైగా తెర మీద అడ్రసు పడే చోట అందరికీ కనబడేలా నిలబెట్టాడు. పుట్టినప్పటినుంచీ నాకు భయమే.

పుష్పలీల కాలేజీల జాబితాలో నెల్లూరును మొదట, మార్కాపురాన్ని తర్వాత పెట్టింది. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది.

"అయిపోతే లెయ్యమ్మా, ఎనకాల జనం ఉండారు," అన్నాడు సెంటర్ నడిపే ఖాదర్. ఆమె తెర మీది పేజీ మూసేసి, బయట బండి దగ్గరికి సోడాకు వెళ్లింది. లాగౌట్ నొక్కలేదు. అక్కడ ఎవరూ నొక్కరు. నేను బతికే ఉన్నాను.

పక్క కంప్యూటర్ దగ్గర ఆమె బాబాయి గాలయ్య, ఆయన కూతురు శిరోమణి కూర్చున్నారు. వాళ్లది పదిహేడు.

"ఏందే ఈ పదిహేడు? ఇందాక అక్క తెర మీద పదహారు గందా?"

"నాన్నా, ముట్టుకోబాకు."

ఆయన ఒంటి వేలితో అడ్రసులో చివరి ఏడు చెరిపి ఆరు కొట్టాడు. పుష్పలీల పేజీ తెరుచుకుంది.

"ఓర్నీ, నెల్లూరంట! మాటమాత్రం చెప్పిందా? ఇద్దరూ ఈడనే చదివితే ఒకే బస్సులో పోయొస్తారు."

మార్కాపురాన్ని పైకి జరిపి సేవ్ నొక్కాడు. పుష్పలీలేనా అని వెబ్‌సైట్ నన్ను అడిగింది. అవునని తప్ప నాకు ఇంకో మాట రాదు.

కాలేజీల వరుస మారిందని పుష్పలీల ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పరుగున లోపలికి వచ్చింది.

"బాబాయ్, నేనేం మార్చలా..."

"నేనే మార్చానమ్మా. మన పిల్లవి గదా!"

పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం పుష్పలీలకు రాదు. శిరోమణే లేచి కుర్చీ జరిపింది. "నీ పేజీ ఇంకా తెరిచే ఉందక్కా. సరిచేసుకో. లాగౌట్ నొక్కకపోతే నాన్న మళ్లీ దూరతాడు."

పుష్పలీల నెల్లూరును పైకి జరిపింది. సేవ్ చేసింది. బాబాయి చూస్తుండగానే లాగౌట్ నొక్కింది.

నేను చచ్చిపోయాను. నా జీవితంలో హాయిగా అనిపించింది ఆ ఒక్క క్షణమే.

నమ్మకం కుదరక గాలయ్య మళ్లీ నన్ను కొట్టి చూశాడు. నేను ఎవరినో వెబ్‌సైట్‌కి తెలియలేదు. దయచేసి లాగిన్ అవ్వండి అంది.

"పోనీ, పద్దెనిమిది ఎవురిదో?" అంటూ ఆయన వేలు ఎనిమిది మీదికి వెళ్లింది.