నలభై రెండో కైఫియత్తు

ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాను గానీ కాళ్ల కింద సిమెంటు లేదు, రంగులున్నాయి. ఇటు నా రాజమహేంద్రవరం ఆకుపచ్చ, గీత దాటితే కొండవీటి పసుపు, పైనుంచి నజీర్ గారి బహమనీ నీలం మెల్లగా కారుతూ నా ఆకుపచ్చలోకి ఇంకుతోంది, నేను దాన్ని చెప్పుకాలితో వెనక్కి తోస్తుంటే తడిగా చెప్పుకే అంటుకుంటోంది. పోర్టరు ఒకాయన నా కోటని నెత్తిన పెట్టుకొచ్చి, ఎక్కడ దింపాలమ్మా అని అడుగుతున్నాడు.

"అక్కడే ఉంచవోయ్. దాని బండి ఇంకా రాలేదు" అంటున్నారు నా వెనకనుంచి తారకేశం బాబాయ్.

ఆయన పోయి ఏడు వారాలైందని నాకు కలలో కూడా తెలుసు, అయినా ఆ గొంతు వినగానే ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. తిరిగి చూస్తే మొహం నిలవడం లేదు, ఒకసారి మా లెక్కల మేష్టారిలా, ఒకసారి ఎవరో టికెట్ కలెక్టరులా ఉంది, ఎందుకంటే నేనాయన్ని ఒక్కసారి కూడా చూసి ఎరగను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం నలుగురం నాలుగు ఊళ్లలో నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒకే పటం మీద నాలుగు పాతకాలపు రాజ్యాలు ఏలుకునేవాళ్లం. ఆ ఆటలో ఆయన నాకు హెడ్‌ఫోన్లో ఒక గొంతు, అంతే. బెజవాడ రైల్వే కంట్రోల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు బళ్లు నడిపించి రిటైరైన గొంతు.

ఇప్పుడు ప్లాట్‌ఫారం పొడవునా ఒక బల్ల ఉంది, దాని మీద గళ్ల కాగితం పరిచి, కంట్రోల్ ఆఫీసులో బళ్ల రాకపోకలకి గీసినట్టే ఆయన రంగు పెన్సిళ్లతో ఏటవాలు గీతలు గీస్తున్నారు, గీత గీసినచోటల్లా దూరంగా దుమ్ము లేస్తోంది. సైన్యాన్ని ఆయన ఎన్నడూ సైన్యమనలేదు, బండి అనేవారు. పటంలో అందరికన్నా చిన్న రాజ్యం, కొండవీడు, ఆయనది, మూడో ఆదివారానికే మింగేస్తామనుకున్నాం, ఆటలో అరవై ఏళ్లు గడిచినా మింగలేకపోయాం, ఎందుకంటే మూడు దారుల్లో మూడు దండుల్ని పంపి ఒకే రేవుకి ఒకే రోజు చేర్చడం ఆయనకి తప్ప మాలో ఎవరికీ చేతకాదు. ఒకసారి నజీర్ గారి ఊళ్లో కరెంటు పోతే, అప్పుడు దాడి చేసి ఉంటే సగం బహమనీ ఆయనదే, కానీ ఆట ఆపి ఇరవై ఐదు నిమిషాలు కూర్చున్నారు. కరెంటు లేనివాడి మీద గెలిచి ఎవరికి చెప్పుకోవాలి అన్నారు. అలాంటి మనిషిని నేను, చివరి ఆదివారం, అనకూడని మాట అన్నాను.

"నోరు జారాను బాబాయ్" అంటున్నాను. "వెన్నుపోటు అనేశాను."

"అన్నావుగా! ఎంత గట్టిగా అన్నావో, మీ పిన్ని వంటింట్లోంచి వచ్చి ఎవరా అమ్మాయి అనడిగింది."

ఆ రోజు నజీర్ గారు నా రాజధాని కోటని ముట్టడించి ఉన్నారు, నా ధాన్యం అయిపోవస్తోంది, అప్పుడు కొండవీటి దండు పద్దెనిమిది వేలు మాటా పలుకూ లేకుండా బెజవాడ దగ్గర కృష్ణ దాటి నావైపు బయల్దేరింది. నేను అరిచాను. ఆయన నవ్వి "చూస్తావుగా అమ్మాయ్" అన్నారు. ఐదయింది, ఆట ఆపాం, గురువారం ఆయన గుండె ఆగిపోయింది. ఆయన దేనికి వస్తున్నట్టో ఎవరికీ తెలియలేదు.

ప్రతి ఆదివారపు ఆటనీ చరిత్రగా రాసి గ్రూపులో పెట్టే పని నాది. పూర్వం ఊళ్ల చరిత్రలు రాసుకున్న కాగితాల పేరే దానికీ పెట్టుకున్నాం, కైఫియత్తు అని. నలభై ఒకటి రాశాను. నలభై రెండోది, ఆఖరిది, ఇవాళ సాయంత్రం అందరూ కలిసినప్పుడు చదవాలి, ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను.

"అందరూ అంటున్నారు బాబాయ్, మీరు నా కోట విడిపించడానికే వస్తున్నారని. అలాగే రాసేయమంటున్నారు. రాసేయనా?"

పెన్సిలు ఆగిపోతోంది. ప్లాట్‌ఫారం మీద గడియారం కూడా ఆగి, ఆయన ఏమంటారో వింటోంది.

"ఎవరా అందరూ?"

"నజీర్ గారూ, రోహిణీ."

"తన విజయనగరం తగలబడుతున్నా రోహిణి ఒప్పందాల్లో సంతకాలు వెతుక్కుంటది, దానికేం తెలుసు? ఇహ నజీరా, వాడప్పుడు నీ గోడ తప్ప ఇంకేం చూట్టంలా. నాక్కావాల్సిందీ అదేగా..." అని నాలిక కరుచుకుంటున్నారు. తర్వాత గొంతు పెంచుతున్నారు, ఆటలో ఎన్నడూ పెంచని గొంతు. "నే పోయానని నా ఎత్తు కూడా పోగొడతారేంటమ్మాయ్? నెల్లూరు పోయినప్పుడు బాబాయ్ కునుకు తీశారని రాశావ్. నేనేమన్నా అన్నానా? తీశాను మరి! ఇప్పుడేమో నామీద జాలిపడి మంచివాణ్ని చేస్తావా?"

"మీరు మంచివారే కదా" అంటున్నాను చిన్నపిల్లలా.

"అది వేరే సంగతి. ఒప్పందం గడువు చూసుకున్నావా?"

ఈ మాట నేను విన్నాను. అంతకుముందు రెండు ఆదివారాలూ ఆయన ఇదే అడిగారు, భోంచేశావా అని అడిగినంత మామూలుగా, నేనూ అంతే మామూలుగా ఆఁ ఆఁ అన్నాను. పదేళ్లపాటు ఒకరి మీద ఒకరు కత్తి ఎత్తబోమని ఆటలో ఆయనా నేనూ రాసుకున్న ఒప్పందం అది.

"రెండుసార్లు గుర్తు చేశా. మూడోసారి చెప్పడానికి నీ మంత్రినా నేను?"

జవాబు చెప్పబోతుంటే ఒక గూడ్సు బండి వస్తోంది, చాలా మెల్లగా, పెట్టె వెనక పెట్టె, ప్రతి పెట్టె మీదా బరువైనదేదో టార్పాలిన్ కప్పుకుని ఉంది, ప్లాట్‌ఫారం రంగులన్నీ వణుకుతున్నాయి. అందులో ఏముందని అడుగుతున్నాను. ఒకరి రాజ్యం ఒకరు తెరిచి చూడకూడదని మన రూలు కదా అంటున్నారు, మళ్లీ తనే, "నాదింక ఆడేవాడు లేడుగా, నువ్వు చూడొచ్చులే" అంటూ పచ్చజెండా పైకెత్తుతున్నారు, ఆ జెండా ఊగి ఊగి మధ్యాహ్నపు వెలుతురైపోతోంది.

ఇస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయినట్టున్నాను, చెంపకి దుప్పటి మడతలు అచ్చుపడ్డాయి. నాలుగున్నర. ఎదురుగా ల్యాప్‌టాప్‌లో అదే వాక్యం సగంలో ఉంది.

ఆఖరిసారి దాచిన ఆట నా దగ్గరే ఉంది. ఏడు వారాలుగా దాన్ని ఆయన వైపునుంచి తెరవలేదు. రూలని చెప్పుకున్నాను గానీ అసలు సంగతి భయం. కలలో ఇచ్చిన అనుమతి చెల్లుతుందో లేదో ఆలోచించకుండా ఆట తెరిచి, కొండవీడు ఎంచుకున్నాను. మొదటిసారి ఆయన కళ్లతో ఆ పటం చూశాను. ఆట లెక్కలో మా ఒప్పందం గడువు ఫిబ్రవరి మూడుతో ముగిసింది. దండు నాలుగో తారీకున కదిలింది, ఒక్క రోజు ముందు కాదు. బాణం గుర్తు బెజవాడ నుంచి ఏలూరు మీదుగా ఎక్కడా వంకర పోకుండా నా కోట మీదికే వెళ్లి ఆగింది. దండు మీద నొక్కి చూశాను. పద్దెనిమిది వేల మంది, వాళ్లతో పద్నాలుగు పెద్ద ఫిరంగులు. ముట్టడి విడిపించడానికి వచ్చేవాళ్లకి గోడలు పగలగొట్టే ఫిరంగులతో పనిలేదు. అవి ఉండబట్టే అంత మెల్లగా వస్తున్నారు.

గట్టిగా నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను, సగం వాక్యం కొట్టేసి కొత్తగా రాశాను. కొండవీటి రాజు రాజమహేంద్రవరం వారి సాయానికి రాలేదు. గడువు దాకా మాట మీద నిలబడి, రెండుసార్లు హెచ్చరించి, అదను చూసి, పట్టపగలు, ఎదురుగా వచ్చాడు. ఇంకొక్క ఆదివారం బతికి ఉంటే నన్ను చిత్తుగా ఓడించి ఉండేవాడు.