తోక చెరిగిన గీత

బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఒక నట్టు ఉంది. బొటనవేలి గోరంత ఉంటుంది. దాని మీద సగం పసుపు గీత, ఆ గీతకి చెరిగిన తోక. ఇరవై ఆరేళ్ల డ్రైవర్ ప్రాణం తీసింది ఇదేనని విచారణ అధికారి మూడోసారి చెబుతున్నాడు. ఎవరి గీతో ఆమెకి మొదటిసారి చూడగానే తెలిసిపోయింది.

పన్నెండేళ్లుగా రేసు కార్ల ఇంజనీరు ఆమె. చేరిన కొత్తలో "ఆడపిల్లకి ఇదేం సరదా, ఇంట్లో మిక్సీ బాగుచేసుకోక!" అన్న మహానుభావులు ఒకరా, ఇద్దరా? అందరి నోళ్లూ పనితోనే మూయించింది. ఆ పని నేర్పింది షెడ్డులో అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి మెకానిక్కు. ఆయన చెప్పిన మొదటి పాఠం గీతే. నట్టుని రెంచితో టక్కుమనేదాకా బిగించి, ఆ తర్వాతే నట్టు మీంచి బోల్టు మీదకి రంగు పెన్నుతో గీత లాగాలి. గీత ఉందంటే బిగించేశారని అర్థం. ఇంకెవరూ దాని జోలికి పోరు.

"బిగించాకే గీత, తల్లీ. ముందు గీశావో, దొంగ సాక్ష్యం చెప్పినట్టే," అనేవాడు.

ఆమెది ఎడమచేతి వాటం. గీత లాగుతుంటే వెనకే అరచెయ్యి పాకి తడి రంగు చెరిగేది. "గీతకి తోకేంటే!" అని నవ్వి ఆయన ఆమెకి తోకచుక్క అని పేరు పెట్టాడు. పేరు షెడ్డంతా పాకింది. ఎందుకొచ్చిందో మాత్రం ఆయనొక్కడికే గుర్తు.

ఆ ఆదివారం రేసుకి తొమ్మిది నిమిషాలుందనగా ముందు ఎడమ చక్రం దగ్గరి కడ్డీ వంగిందని తేలింది. చేతులు చాలక ఆమే కూర్చుని మార్చింది. నట్టుని వేళ్లతో తిప్పి పెట్టింది. రెంచి అవతల ఎవరి దగ్గరో ఉంది, పెన్ను మాత్రం చేతిలోనే ఉంది. గీత గీసేస్తే ఒక పనైపోతుంది, రెంచి రాగానే బిగించేద్దాం అనుకుంది. పన్నెండేళ్లలో ఒకే ఒక్కసారి! అంతలో జట్టు యజమాని టైర్ల గురించి కేకేశాడు. వెళ్లి, వాన పడుతుందా లేదా అని ఆయనతో వాదనకి దిగింది. ఈలోగా పెద్దాయన గీత చూసి, తనిఖీ కాగితం మీద సంతకం పెట్టి, కారుని పంపేశాడు. తిరిగొచ్చిన ఆమెకి నట్టు సంగతే గుర్తు లేదు. బుద్ధి గడ్డి తినడమంటే అదే మరి.

నాలుగో రౌండులో చెవిలోని రేడియోలో డ్రైవర్ గొంతు వినిపించింది. "అక్కా, ఎడం పక్క ఏదో ఊగుతోంది."

అప్పుడు గుర్తొచ్చింది. "ఆపెయ్ రా, పక్కకి తీసెయ్!" అని అరిచింది. అప్పటికే కారు గోడని గుద్దేసింది.

ఇవాళ విచారణకి ముందు వరండాలో పెద్దాయన ఆమెని పక్కకి లాగాడు. "నేను రేపో మాపో దిగిపోయేవాణ్ణి. నువ్వు పోతే ఈ షెడ్డులోకి ఇంకో ఆడపిల్లని అడుగు పెట్టనిస్తారా? చూశారా, మేం ముందే చెప్పలా, అంటారు. నోరు మూసుకుని కూర్చో," అన్నాడు. ఆయన్ని జైలుకి పంపినా పంపుతారని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె తలూపింది. ఛీ, ఎలా ఊపిందో ఆ తల!

"ఈ గీత ఎవరిది?" అడిగాడు అధికారి.

"నాదే," అన్నాడు పెద్దాయన. "బిగించకుండా గీసేశాను. వయసైపోయింది కదండీ, మతిమరుపు."

గోడ పక్క కుర్చీలోంచి డ్రైవర్ తల్లి లేచి ఆయన ముందుకొచ్చింది. "నీ చేతికి దణ్ణం పెట్టి కారెక్కేవాడయ్యా మావాడు. ఆ చెయ్యి విరిగిపోను!"

పెద్దాయన ఆ చేతులే జోడించి నిలబడ్డాడు. ఆమెకి ఇక కూర్చోవడం చేతకాలేదు.

"ఆ చెయ్యి ఆయనది కాదమ్మా," అని లేచి తన ఎడమచెయ్యి చాపింది. "ఇదీ."

"కూర్చోవే!" పెద్దాయన అరిచాడు. "నన్ను కాపాడదామని వాగుతోంది సార్, పట్టించుకోకండి!"

ఆమె కూర్చోలేదు. కడ్డీ, రెంచి, పెన్ను, వాన, అన్నీ వరసగా చెప్పింది. గుమస్తా రాసుకున్నాడు. యజమాని ఆమె వంక చూడకుండా ఫోను తీసుకుని బయటికి నడిచాడు. ఆ నడక చూస్తేనే తెలిసిపోయింది, రేపటినుంచి ఆమెకి షెడ్డు లేదని.

సంతకం చెయ్యమని అధికారి సిరా పెన్ను ఇచ్చాడు. చేసింది. వెనకే అరచెయ్యి పాకి తడి సిరా చెరిగింది. అధికారి ఆ కాగితాన్నీ సంచినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పెద్దాయన గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.

డ్రైవర్ తల్లి ఇప్పుడు ఆమె ముందుకొచ్చింది. ఆమె తిట్లకి సిద్ధపడి నిలబడింది.

"నిన్ను అక్కా అనేవాడు కదే," అంది ఆ తల్లి.