పదకొండు గంటల కాఫీ

"చిన్నకోడలు పని చేసుకుంటా ఉండాది, గిన్నెలు మెల్లగా పెట్టవే."

అత్త మీనాంబాళ్ వంటింటి గడపలో నిలబడి ఈ మాట అన్నప్పుడు, భువనేశ్వరి చేతుల్లో ఇంటిల్లిపాదీ తిన్న అంటుగిన్నెలున్నాయి. అది పని కాదు కాబోలు. ఉప్పళంలోని ఆ ఇంట్లో పనంటే ముందుగదిలో కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని, కంపెనీవాళ్లు పంపిన కంప్యూటర్ ముందు చేసేది. దాన్ని మరిది పెళ్లాం ఇలక్కియ చేస్తుంది.

తనది అసూయేనని భువనకు తెలుసు. దానికి మంచి పేరు వెతకలేదు. ఇలక్కియ జీతం మీద కాదు, చీరల మీద కాదు, కాఫీ మీద. పదకొండయ్యేసరికి అత్త స్వయంగా డికాషన్ కలిపి, ఇత్తడి డబరా గిన్నెలో నురగ తేలేలా తిరగబోసి, ముందుగదికి మోసుకుపోతుంది. ఆ పది అడుగులూ మోకాళ్ల నొప్పి గుర్తు రాదు. పద్నాలుగేళ్లుగా పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఆ ఇంట్లో ఒక్కరూ గ్లాసెడు నీళ్లు తెచ్చివ్వలేదు. భువనకూ బీకాం ఉంది. టైపింగ్ హయ్యర్ ఉంది. పెళ్లయిన కొత్తలో నెల్లితోపులో ఒక ఆడిటర్ దగ్గర ఉద్యోగం దొరికితే, "నువ్వు పోతే అమ్మకి ఎవురు చేస్తారు?" అన్నాడు మొగుడు సుధాకరన్. ఇలక్కియ వచ్చినప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు అప్పటికే వంటింట్లో ఉంది కదా.

రెండు నెలలుగా ఆ కంప్యూటర్ చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. సుధాకరన్ పెట్టె విప్పి, దుమ్ము నోటితో ఊది, "వేడెక్కి ఆగిపోతాండాది" అని తేల్చాడు. వంటింట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ తీసుకుపోయి దాని ముందు పెట్టాడు. మే నెలలో! పెళ్లాం వేడెక్కితే ఎవరూ పెట్టె విప్పి చూడరు. తర్వాత తల నెరిసిన మెకానిక్ వెట్రివేల్ వచ్చి పవర్ సప్లై మార్చాడు, లోపలి వైర్లు మార్చాడు. అయినా ఆగుతూనే ఉంది. "ఎప్పుడెప్పుడు ఆగుతోంది?" అని ఇలక్కియని అడిగాడు, సుధాకరన్‌ని అడిగాడు. వంటింట్లోకి తొంగి కూడా చూడలేదు.

చూసుంటే తెలిసేది. పాత ఇల్లు. వంటింటికీ ముందుగదికీ ఒకటే వైరు. గ్రైండర్ స్విచ్ వెయ్యగానే వంటింటి బల్బు ఒక్కసారి డిమ్మయి లేస్తుంది, అదే క్షణాన ముందుగదిలో "ఐయో, పోయిందే!" అని వినిపిస్తుంది. మొదటిసారి అనుకోకుండా జరిగింది. రెండోసారి, నిజమేనా అని చూసింది. ఆ తర్వాత మాత్రం, అత్త కాఫీ డబరాతో గడప దాటడం చూసి మరీ వేసేది.

గురువారం పొద్దున ఇలక్కియ వంటింట్లోకొచ్చింది. "అక్కా, టీమ్ లీడర్ పోస్టుకి ఇయాల పదకొండుకి పెద్దసార్లు మాట్లాడతారు. మధ్యలో ఆగిపోయిందంటే ఈసారి ఉండే ఉద్యోగం కూడా పోతాది."

"ఊఁ" అంది భువన.

పదకొండుకి గ్రైండర్‌లో నానిన బియ్యం పోసి, స్విచ్ మీద వేలు పెట్టుకుని నిలబడింది. కాఫీ డబరా గడప దాటింది. ఇలక్కియ ఆ రోజు హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు; ముందుగదిలో స్పీకర్ నుంచి మగగొంతు అడుగుతోంది: "ఇంటి బాధ్యతలేమైనా ఉన్నాయామ్మా?"

"ఏమీ లేవు సార్. అదంతా చూసేదానికి ఇంట్లో మనిషుంది."

మనిషి! పేరు లేదు, వరస లేదు. భువన వేలు బిగుసుకుంది. ఒక్క నొక్కు చాలు.

కానీ ఈ ప్రశ్న సుధాకరన్‌ని ఏ ఆఫీసులో అయినా, ఎప్పుడైనా అడిగారా? ఉన్నాయి సార్ అంటే ఆ పిల్లకి ఆ పోస్టు ఇస్తారా? ఇప్పుడు ఆర్పేస్తే ఏమవుతుంది? రేపట్నుంచి ఈ వంటింట్లో ఇద్దరుంటారు. అంతే. కాఫీ ఇద్దరికీ రాదు.

వేలు తీసేసింది. బియ్యం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఆరుకి ఇలక్కియకు పోస్టు వచ్చిందని కబురు. ఇంట్లో అందరూ ముందుగదిలోనే ఉన్నారు. భువన ఎవరితోనూ ఏమీ అనకుండా వంటింట్లోకి పోయి స్విచ్ వేసింది. గ్రైండర్ గురగురమంది. కంప్యూటర్ నల్లబడింది. స్విచ్ ఆర్పేసి వచ్చింది.

సుధాకరన్ నోరు తెరిచాడు. "ఏందిది? నీకెన్నాళ్ల నుంచి తెలుసు?"

"రెండు నెల్లుగా."

"చెప్పొచ్చు కదా!"

"యాడ అడిగినావు?"

"ఎంత కొవ్వే నీకు!" అంది అత్త.

"కొవ్వు కాదత్తా, కడుపుమంట."

ఇలక్కియ తల దించుకుంది. సుధాకరన్ తేరుకుని తీర్పు చెప్పాడు. "సరే పో. ఇంకమీదట తెల్లారి అయిదుకంతా రుబ్బేసెయ్."

భువన అతని వైపు చూడలేదు. "ఇలక్కియా, నీ పని రోజూ ఎన్నింటికి అయిపోతాది?"

"ఆరుకి, అక్కా."

"పొద్దున మీ సార్‌కి చెప్పినావే, ఆ మనిషి ఆరు దాటితే వంటింట్లో ఉండదు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎప్పుడో టైపింగ్ నేర్చిన వేళ్లు పద్నాలుగేళ్ల తర్వాత కీబోర్డు మీద చోటు వెతుక్కున్నాయి.

"ఏమే, అయితే రేపటికి దోసెపిండి?" అంది మీనాంబాళ్.

భువన కంప్యూటర్ బటన్ నొక్కింది. "రెండూ ఒకేసారి నడవవని ఇప్పుడేగా చూసినారు అత్తా. ఈపొద్దు ఇది నడుస్తాది."