ఆకుపచ్చ చుక్క

మిన్యాలో నైలు గట్టు వెనక ఇళ్ల మెట్లన్నీ ఫిబ్రోనియా మోకాళ్లకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి మంచీ చెడ్డా కనుక్కొచ్చే పని ఆవిడది. అందరూ ఆవిణ్ణి తాసోనీ, అంటే అక్కా, అని పిలుస్తారు. ఈ ఎండాకాలం ఆ పనిని ఫోనుకి అప్పజెప్పారు.

అప్పజెప్పిన పాదిరి, అబూనా బీమెన్, మంచివాడే. అదే ఆవిడ ఏడుపు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేది. శుక్రవారం పూజ అయ్యాక ఆయన ఆవిణ్ణి హాల్లోకి పిలిచి పెద్ద తెర చూపించాడు. ప్రతి సోమవారం ఆయన పేరుతో అన్ని ఇళ్లకూ "ఎలా ఉన్నారు?" అని సందేశం దానంతటదే వెళ్తుంది. బాగున్నామంటే ఆకుపచ్చ చుక్క, బాగాలేమంటే ఎర్ర చుక్క.

"నాలుగు వందల ఇళ్లు, తాసోనీ! ఎర్రచుక్క ఇళ్లు ఆరే. ఆరిటికీ వెళ్లొచ్చాను. కువైట్‌లో ఉన్న మన కుర్రాళ్లు కూడా జవాబిస్తున్నారు. మీరు కువైట్ దాకా నడవగలరా?"

"చెప్పులు కొనిపెట్టండి, చూద్దాం," అంది ఫిబ్రోనియా.

కుర్రాళ్ల మాట నిజమేనని లోపల ఒప్పుకుంది, పైకి ఒప్పుకోలేదు. తెర మీద తనకు తెలిసిన పేర్లు వెతుక్కుంది. వదీ, నజీరా. ముసలి మొగుడూ పెళ్లాలు. పదకొండు వారాలుగా ఆకుపచ్చే.

"ఏం రాశాడేంటి వదీ బాబాయ్?"

అబూనా నొక్కి చూపించాడు. పదకొండుసార్లూ ఒకటే జవాబు: దేవుడికి స్తోత్రం.

ఫిబ్రోనియాకి ఒళ్లు మండిపోయింది. "ఇది బాగున్నామనడమా? మనవాళ్లు ఎలా ఉన్నావంటే ఇంకేమంటారు అబూనా? పైకప్పు కూలిననాడు కూడా ఆయన ఇదే మాటన్నాడు. జుట్టులో సున్నం దులుపుకుంటూ అన్నాడు, నేను పక్కనే ఉన్నాను! ఏ స్థితిలోనైనా స్తోత్రమే చెప్పాలని మనమే కదా నేర్పింది? చెబుతున్నారు. మీ డబ్బా దానికి ఆకుపచ్చ రంగేస్తోంది."

ఆవిడ అటునుంచటే వదీ ఇంటికి నడిచింది.

వదీ తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు. ఎలా ఉన్నావు బాబాయ్ అంటే, "దేవుడికి స్తోత్రం," అన్నాడు. టీ పెట్టాడు. మొదటి గ్లాసు అయ్యేదాకా ఎండల గురించి మాట్లాడాడు. ఫిబ్రోనియా కదల్లేదు. ఈ ఊళ్లో అసలు సంగతి రెండో గ్లాసుకి గానీ బయటికి రాదని ఆవిడకి తెలుసు.

రెండో గ్లాసు చేతికిస్తూ వదీ అన్నాడు: "నజీరా లేవట్లేదు, తాసోనీ. జూన్ నుంచీ మంచమే."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయ్!"

"అబూనాయే అడుగుతున్నాడుగా, ప్రతి సోమవారం. అంత పట్టుగా అడిగినవాడు రాకుండా ఉంటాడా అనుకున్నా. సోమవారం సోమవారం ఉతికిన దుప్పటి పరుస్తున్నా."

లోపల నజీరా పక్కకి అతుక్కుపోయి ఉంది. ఫిబ్రోనియా చెయ్యి పట్టుకుని, "అబూనా వచ్చాడా? సత్ప్రసాదం నోట్లో పడితే పోతానమ్మా," అంది. ఇంకేమీ అడగలేదు.

ఫోను చెయ్యగానే అబూనా పరుగున వచ్చాడు. ప్రార్థించాడు, నుదుటికి తైలం రాశాడు. కానీ ఆ రోజు పూజ అప్పటికే అయిపోయింది. సత్ప్రసాదం, పూజలో పవిత్రం చేసిన ఆ రొట్టె, ఏ రోజుది ఆ రోజే పంచెయ్యాలి, దాచిపెట్టేది కాదు. "రేపు పూజ అవగానే తెస్తాను పిన్నీ," అన్నాడు.

శనివారం పొద్దున్న బలిపీఠం దగ్గర్నుంచి తిన్నగా వచ్చాడు. నజీరా గంట ముందే పోయింది. తెచ్చినదాన్ని ఆయన అలాగే వెనక్కి తీసుకెళ్లాడు. పదకొండు వారాలు ఎదురుచూసిన మనిషికి ఒక్క గంట చాల్లేదు! ఎవరి మీద అరవాలో తెలీక ఫిబ్రోనియా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

మూడోనాడు, సోమవారం, ఇంట్లో ధూపం వేసి ప్రార్థన చేశారు. చావింటి ఆనవాయితీగా చక్కెర లేని కాఫీ ఇచ్చారు. అబూనా కప్పు కింద పెడుతుండగా వదీ జేబులో ఫోను మోగింది. ముసలాయన కళ్లు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, సందేశం చదివాడు. అది ఎవరి పేరుతో వచ్చిందో ఆ మనిషి ఎదురుగానే కూర్చున్నాడని కూడా తట్టలేదు. ఒక్కొక్క అక్షరమే నొక్కి జవాబు రాశాడు.

"మీ ఫోను తీయండి అబూనా," అంది ఫిబ్రోనియా. "వదీ బాబాయ్ ఇల్లు ఏ రంగులో ఉందో చూడండి."

ఆయన తీశాడు, చూశాడు. ఫోను బోర్లించాడు. మొహం నల్లబడిపోయింది. "ఇంకో ఇంటికి వెళ్లాలి," అని లేవబోయాడు.

"కూర్చోండి," అంది ఆవిడ, కాఫీ గిన్నె అందుకుంటూ. "మీకింకా మొదటి కప్పే అయింది."