బూర ఊదని రోజు

భర్త బూర ఊదుతుంటే వీధంతా పాట వినేది. ఆమె మాత్రం అతని మెడ చూసేది. పై స్వరం ఎత్తుకుని గుక్క తిప్పుకోకుండా నిలబెట్టినంతసేపూ మెడ నరాలు తాళ్ళలా లేచేవి, కళ్ళు చింతనిప్పులయ్యేవి.

అతనికి నీటికాసుల జబ్బు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపును పక్కల నుంచి కొరుక్కుంటూ వస్తోంది. వింతేమిటంటే, ఆస్పత్రిలో ఎప్పుడు కొలిచినా ఒత్తిడి మామూలుగానే ఉండేది. అందుకని డాక్టరమ్మ ఈసారి సన్నని తీగ పొదిగిన మెత్తటి లెన్సు కంట్లో పెట్టింది. కంటి చుట్టూ పట్టీ అతికించి, దాని వైరు నడుముకు కట్టిన చిన్న పెట్టెకు తగిలించింది. పగలూ రాత్రీ ఒత్తిడి ఎలా మారుతోందో ఆ పెట్టె పట్టి ఉంచుతుందట.

“రేపు ఈపాటికి తీసేస్తాను. అంతవరకూ రోజూ చేసే పనులన్నీ చెయ్యండి. ముఖ్యంగా బూర మానొద్దు. నా అనుమానం దాని మీదే,” అంది.

వాళ్ళింటి కింది గదే బ్యాండు గది. ఆమె తండ్రే మాస్టరు. అల్లుడి మొహం చూడగానే నవ్వాడు.

“ఈ అతుకుల మొహంతో పెళ్ళివాళ్ళ ముందుకొస్తావా అల్లుడూ? ఇవాళ్టికి కాళ్ళు చాపుకుని పడుకో. నీ బావమరిది ఊదుతాడు.”

“వాడూదితే పెళ్ళికూతురు పారిపోతుంది మామయ్యా.”

“ఒక్క పూటకి ఎవరూ పారిపోరులే.”

“ఊదితేనేగా నాన్నా, అసలు సంగతి తెలిసేది,” అందామె.

తండ్రి బూర తుడుస్తూ తలెత్తలేదు. “తెలిసి ఏం చేస్తావే? మా అన్నయ్యకీ ఇలాగే తెలిసింది. డాక్టరు ఊదొద్దన్నాడు, మానేశాడు. ఇక పోయేదాకా గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చెప్పులు లెక్కపెట్టాడు.”

“చూపు దక్కిందిగా.”

“దక్కింది. చెప్పులు చూడ్డానికి.”

భర్త పైకి వెళ్ళిపోయాడు. రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. కింద బావమరిది సాధనలో స్వరం పగిలినప్పుడల్లా పళ్ళు కొరుక్కున్నాడు.

మర్నాడు లెన్సు తీసి, డాక్టరమ్మ కంప్యూటరులో ఒత్తిడి గీత చూపించింది. అది ఎక్కడా తల ఎత్తకుండా సాగింది.

“బూర ఊదారు కదా?”

“నిన్నంతా ఊదుతూనే ఉన్నానండీ,” అన్నాడు భర్త.

ఆమె నోరు తెరిచింది. బల్ల కింద అతని మడమ ఆమె కాలివేళ్ళ మీద పడింది.

“మా ఆవిడకి బూర మోత పడదండీ. ఏదో వంకతో మాన్పించాలని చూస్తుంది.”

డాక్టరమ్మ నవ్వి ఆమెనే అడిగింది. “ఏమ్మా, ఊదారా?”

పక్కనే కూర్చున్న భార్యను చూడ్డానికి అతను తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. “చెప్పు. గుమ్మంలో కూర్చోబెట్టు నన్ను,” అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేలా. మడమ ఇంకా నొక్కుతూనే ఉంది.

“ఊదారండీ,” అందామె.

“అయితే బూర తప్పేం లేదన్నమాట. నిశ్చింతగా ఊదుకోండి,” అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం ఇంకో పెళ్ళి ఊరేగింపు. ఎప్పుడూ వరసలో కుడి చివర నడిచే అల్లుణ్ణి మాస్టరు మధ్యలోకి మార్చాడు. అటొక డ్రమ్మువాణ్ణి, ఇటొక డ్రమ్మువాణ్ణి నిలబెట్టాడు. చూపు ఎంతవరకు పోయిందో తండ్రికి కొలిచినట్టు తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది.

“అటూ ఇటూ పోకుండా భుజాలతో తోస్తూ ఉండండిరా,” అన్నాడు మాస్టరు. “గుర్రానికి గంతలు కడితేనేగా తిన్నగా నడిచేది.”

బ్యాండంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది భర్తే.

ఊరేగింపు కదిలింది. ఆమె రోడ్డు వార నిలబడి, అతను దగ్గరికి రాగానే చెయ్యి ఊపింది. చాపితే తగిలేంత దూరంలోంచి అతను చూడకుండా వెళ్ళిపోయాడు. పై స్వరం లేచింది. మెడ నరాలు లేచాయి.

ఆమె తల దించుకుని, మొదటిసారి పాట విన్నది. ఎప్పుడూ లేనంత బాగా ఊదుతున్నాడు.