చూపించకూడని వానవిల్లు

ఆఖరి దుప్పటిని దండెం మీద వేసి, అంచులు లాగి, ముడత పోయేదాకా అరచేత్తో చరిచింది చెంగమ్మ. తిరుపతి రైల్వేస్టేషను ఎదుటి సందులో నాలుగంతస్తుల లాడ్జి మిద్దె అది. చాకిరేవు నుంచి మూటలుగా వచ్చే తడి దుప్పట్లు, దిండు గలీబులు ఆరేసి, మడిచి, కిందికి దించడం పదమూడేళ్లుగా ఆమె పని. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నీలిమందు నీళ్లకు వేళ్ల కొసలు పాలిపోయాయి. దండెం అందక మునివేళ్ల మీద లేచి లేచి పిక్కలు రాళ్లలా తేలాయి.

ఎండను నమ్ముకున్న పని కాబట్టి, పొయ్యి మీది పాలను కనిపెట్టుకున్నట్టు ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. ఆ పొద్దున సూర్యుడి చుట్టూ గుడి కట్టింది. సాయంత్రానికి వాన తప్పదనుకుంది. పదకొండింటికి మబ్బు చీలి, వెలుగు పట్టీలుగా కొండ బండల మీదికి దిగింది. తడి గలీబు భుజానేసుకుని అది చెదిరిపోయేదాకా చూస్తూ నిలబడింది. ఇలాంటివి తానొక్కతే చూసి ఊరుకునే రకం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

వానవిల్లు కంటబడితే గమ్మున చూసి ఊరుకోవాలట. ఇంకొకరికి చూపిస్తే కీడట. ఆ పక్క పెద్దల మాట అది. చెంగమ్మ మాత్రం వానవిల్లు లేచిందంటే మెట్ల దగ్గర మేకుకు వేలాడే చిన్న సత్తుపళ్లెం అందుకుని గరిటెతో వాయించేది. గుండ్లు గీయించుకుని, దర్శనం అలసటతో పడుకున్నవాళ్లు కూడా లుంగీలు సర్దుకుంటూ పైకి పరిగెత్తుకొచ్చేవాళ్లు.

పది రోజుల కిందట ఆదోని నుంచి వచ్చిన ఒక పత్తి వ్యాపారి అలాగే పైకి వచ్చి, నోరు తెరుచుకుని చూసి, మర్నాడు స్నానాల గదిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. సబ్బునీళ్ల మీద కాలేస్తే ఎవడైనా జారతాడు. ఆయన కొడుకులకు మాత్రం సబ్బు కనిపించలేదు, చెంగమ్మే కనిపించింది. చూపించి కీడు తెచ్చిందని లాడ్జి ముందు రచ్చ రచ్చ చేశారు. ఓనరు ఒంటికాలి మీద లేచాడు.

మధ్యాహ్నం మేనేజరు కుప్పుస్వామి ఆయాసపడుతూ మిద్దెక్కాడు. చెడ్డవాడేం కాదు పాపం, ఓనరుకూ పనివాళ్లకూ నడుమ నలిగేవాడు.

“చెంగమ్మా, ఆరు గంటలకు కౌంటరు కాడికి రా. కర్పూరం తెప్పించి పెడతా. అరచేతిలో ఎలిగించి, సూపించింది తప్పే, ఇంక సూపించనని ఆర్పెయ్. లేదంటే పనిలో ఉంచుకోవద్దన్నాడు ఓనరు.”

“తప్పేనని గూడా సెప్పల్నా సామీ?”

“ఆ మాట సెప్పాల్సిందేనంట.”

కర్పూరం ఆర్పి చెప్పిన మాట ఆ పక్క కాణిపాకం దేవుడి ఎదుట చేసిన ప్రమాణమే. ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు.

గదులు ఊడ్చే వసంతమ్మ చీపురు పట్టుకుని అంతా విన్నది. ఆయన దిగిపోగానే, “అనేసి పోక్కా. నోటిమాటే గదా” అంది.

“నోటిమాటయితే కర్పూరమెందుకు మే?”

చెంగమ్మ మళ్లీ దుప్పట్ల వైపు తిరిగింది. వసంతమ్మకు ఏం తెలుసు?

ఇరవై ఎనిమిదేళ్ల కిందట, వడమాలపేటలో, వాన వెలిసిన చేలో ఆరేళ్ల కూతురు దేవకిని భుజాన ఎక్కించుకుని వానవిల్లు చూపించింది చెంగమ్మ. పిల్ల చప్పట్లు కొట్టి నవ్వింది. అన్నం ఆలస్యమైతే సత్తుపళ్లెం అంచు కొరుకుతూ కూర్చునే అల్లరి పిల్ల. పదిహేనో రోజుకు అమ్మవారు పోసి పోయింది. చూపించి చంపుకున్నావంది అత్త. ఊరూ అదే అంది. మొగుడు మునికృష్ణ ఏమీ అనలేదు. ఆమె మొహం చూడకుండానే పదేళ్లు బతికి, ఆయనా పోయాడు. అత్త మాటకంటే ఆ పదేళ్లే చెంగమ్మను ఎక్కువ కాల్చాయి.

పిల్ల పోయాక మొదటి వానవిల్లు లేచిన రోజున ఆ పళ్లెమే తీసుకుని వీధిలో నిలబడి వాయించింది. చూసినవాళ్లలో ఒక్కరూ చావలేదు. అప్పటినుంచీ మానలేదు. మానితే ఒప్పుకున్నట్టే. ఈ పని పోతే మళ్లీ కూలికి వంగాలి, అదీ తెలుసు. తెలిసే పళ్లు బిగించుకుని దుప్పట్లు మడిచింది.

నాలుగింటికి వాన దిగింది. ఆరినవి ఆరనివి అన్నీ లాగి మెట్లగదిలోకి చేర్చింది. అయిదున్నరకు పడమట చంద్రగిరి వైపు మబ్బు లేచి, కింద నుంచి ఎండ కొట్టింది. గబుక్కున తూర్పుకు తిరిగింది.

లేచింది. ఒక కాలు కరకంబాడి కొండల మీద, ఇంకో కాలు తిరుచానూరు కొబ్బరితోటల మీద. దానిపైన ఇంకొకటి, రంగులు తలకిందులుగా, పలచగా. జోడు వానవిల్లు చూసి ఎన్నేళ్లయిందో!

మేకు మీది పళ్లెం అందుకుంది.

“రాండి! రాండప్పా! రెండు లేసినాయి!”

గరిటె దెబ్బకు లాడ్జంతా మారుమోగింది. చంటిపిల్లతో ఒక తల్లి, అరవం మాట్లాడే ముసలామె, సగం గడ్డం గీసుకున్న పెద్దమనిషి, ఒకరి వెనక ఒకరు ఎక్కి వచ్చారు. వసంతమ్మ తల వంచుకుని వచ్చి, ఉండబట్టలేక పైకి చూసింది.

అందరి వెనక కర్పూరం పొట్లంతో కుప్పుస్వామి. “ఆరన్నా కాలేదు, ఎంత పని సేసినావు చెంగమ్మా.”

“ఇట్ల తే సామీ. ఈడనే ఆర్పుతా.”

ఎడమ అరచేతిలో బిళ్ల పెట్టుకుంది. పెద్దమనిషి అగ్గిపుల్ల గీశాడు. మంట లేచింది.

“నా బిడ్డకు వానవిల్లు సూపించినా. అది నవ్వింది. దాన్ని నేను సంపలేదు. సూపించింది తప్పు కాదు. కండ్లుండే వాళ్లకు ఇంకా సూపిస్తా.”

కుడిచేత్తో చప్పున చరిచి ఆర్పింది.

మిగిలిన దుప్పట్లు మడతపెట్టి, కొంగుకు ముడేసుకున్న మెట్లగది తాళంచెవి విప్పి కుప్పుస్వామి చేతిలో పెట్టింది. సంచి చంకన పెట్టుకుంది.

“యాడికి పోతావు ఈ వయసులో?” అన్నాడాయన, గొంతు తగ్గించి.

“ఆకాశం లేని ఊరు యాడన్నా ఉండాదా సామీ?”

“నీ పళ్లెం మర్సిపోతా ఉండావు.”

చెంగమ్మ వసంతమ్మ వైపు ఒక చూపు చూసింది. “మర్సిపోలే. వానల కాలం ఇంకా అయిపోలేదు గదా” అని మెట్లు దిగిపోయింది.

వసంతమ్మ కొంగుతో పళ్లెం తుడిచి, మేకుకు తగిలించింది. తీసెయ్యమని ఓనరు చెప్పి ఉన్నా కుప్పుస్వామి దాన్ని అలాగే ఉండనిచ్చాడు. గరిటె దెబ్బలకు నడుమంతా సొట్టలు పడిన పళ్లెం అది. అంచున ఒక్కచోట మాత్రం చిన్న చిన్న పంటిగాట్లు.